ఖరీదైన వాచీలకు విడిభాగాలు, బెల్టులు: అనంతపురంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాయన అనంతపురం టవర్ క్లాక్‌కు దగ్గర్లో చిన్న బల్ల వేసుకొని వాచీలు బాగు చేసేవాడు. ఆ పనే ఇప్పుడు నేను చేస్తున్నాను. ఆయన కాలంలో బల్ల మీదికి ఎక్కువగా హెచ్‌ఎంటీలు, ఫావ్రే లూబాలు వచ్చేవి. ఇప్పుడు కువైట్ నుంచి సెలవుకు వచ్చిన రాయచోటి అన్నలు రాడోలు తెస్తున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు ఒమేగాలు, ట్యాగ్ హోయర్‌లు తెస్తున్నారు. వాచీలు మారినా అనుమానాలు మాత్రం అవే. ఒకే సంగతి రోజుకు నాలుగుసార్లు చెప్పాల్సి వస్తోంది కాబట్టి రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## మొదట: చేతిలో ఉన్నది ఏ వాచీ?

అన్నా, నాది స్పీడ్‌మాస్టర్. పార్టు కావాలంటే ఈ పేరు చాలదా?

చాలదు. ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1957 నుంచి వస్తోంది. అందులో 321, 861, 1861, ఇప్పుడు 3861 అని మిషన్లు మారుతూ వచ్చాయి. బయటికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపలి పార్టులు అన్నిసార్లూ ఒకదానివి ఒకదానికి పట్టవు. కావాల్సింది రెండు నంబర్లు: కేసు (బయటి డొక్కు) రిఫరెన్స్ నంబరు అంటే మోడల్ నంబరు, మిషన్ కాలిబర్ నంబరు అంటే లోపలి యంత్రం ఏ రకమో చెప్పేది.

సీకో వాళ్ళు ఈ పని సులువు చేశారు. వెనక మూత మీద 7ఎస్26-0020 అని ఉంటే మొదటి నాలుగూ మిషన్, తర్వాతి నాలుగూ కేసు. రోలెక్స్‌కు రిఫరెన్స్ నంబరు 12 గంటల వైపు, బెల్టు తగిలించే రెండు కొమ్ముల మధ్య ఉంటుంది. చైను విప్పితేనే కనిపిస్తుంది. పాత ఒమేగాలకు వెనక మూత లోపలి వైపు రాసి ఉంటుంది. కొత్త వాటికి వారంటీ కార్డు మీదే ఉంటుంది. కార్డు ఉంటే ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పార్టు వెతకడంలో సగం పని అక్కడే అయిపోతుంది.

నంబరు చూడటానికి వెనక మూత నేనే తీయొచ్చా?

ఖరీదైన వాచీకి వద్దనే చెప్తాను. మర మూత అయితే దాని గాట్లకు సరిపోయే తాళం కావాలి. కత్తెర మొనతో తిప్పితే అది జారి మూత మీద అర్ధచంద్రాకారంలో గీత పడుతుంది. అట్లాంటి గీతలున్న వాచీలు వారానికి ఒకటైనా నా దగ్గరికి వస్తాయి. నొక్కుడు మూత అయితే తీయడం తేలికే, తిరిగి మూయడంలోనే గ్లాసు పగులుతుంది. పైగా మన ఊళ్ళో దుమ్ము ఎట్లాంటిదో మీకు తెలుసు. ఫ్యాను కింద తెరిచిన మిషన్‌లో పడే ఒక్క నలుసు చాలు, వాచీ ఆగిపోవడానికి.

నేర్చుకోవాలనే కోరిక ఉంటే ఆగిపోయిన పాత హెచ్‌ఎంటీ ఒకటి కొని దాని మీద చేయి తిప్పండి. మా నాయన నాకు అట్లాగే నేర్పించాడు. ఆరు నెలల దాకా కస్టమర్ వాచీ ముట్టనివ్వలేదు.

తాత వాచీ డయల్ అడుగున "స్విస్" పక్కన "టి" అని ఉంది. దేనికి గుర్తు?

చీకట్లో వెలిగే రంగులో ట్రిషియం అనే రేడియోధార్మిక పదార్థం ఉందని గుర్తు. దాని అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) 12 ఏళ్ళ చిల్లర. అందుకే ఇప్పుడు వెలగదు. అది పాడైపోవడం కాదు. ఆ ముళ్ళకు, చుక్కలకు కొత్త రంగు వేయించకండి. లేత గోధుమ రంగులోకి తిరిగిన ఆ పాత రంగుకే సేకరించేవాళ్ళు విలువ కడతారు.

1960ల కంటే ముందువైతే జాగ్రత్త. వాటిలో రేడియం ఉండొచ్చు, అదీ రేడియోధార్మికమే. దాని అర్ధాయువు 1600 ఏళ్ళు. రంగు వెలగకపోయినా రేడియం అట్లాగే ఉంటుంది. మూత బిగించి ఉన్నంతవరకు పెట్టుకోవచ్చు. తెరిచి గీకడం, ఊదడం చేస్తే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగు చేసే మనిషికి ఇచ్చేటప్పుడు ఇది పాత రేడియం డయల్ కావొచ్చని నోరు తెరిచి చెప్పండి. 1990ల నుంచి వాడుతున్న సూపర్ లూమినోవా అనే వెలిగే రంగుతో ఈ బెడద లేదు.

## బెల్టులు, చైన్లు

బెల్టు సైజు ఎట్లా కొలవాలి? డయల్ సైజును బట్టి చెప్పొచ్చా?

డయల్‌తో సంబంధం లేదు. కొమ్ముల మధ్య ఖాళీని కొలవాలి. వెర్నియర్ ఉంటే మంచిది. లేకపోతే స్కేలు పెట్టి, ఒక కొమ్ము లోపలి అంచు నుంచి రెండో కొమ్ము లోపలి అంచు దాకా చూడండి. 40 మి.మీ. పాత రోలెక్స్ సబ్‌మెరీనర్‌కు 20 మి.మీ., 2020లో వచ్చిన 41 మి.మీ. దానికి 21 మి.మీ. ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్‌కు 20. ట్యూడర్ బ్లాక్ బే 41కి 22, బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్‌కు 20.

తికమక పెట్టేవి 19, 21. అంగళ్ళలో ఎక్కువగా 18, 20, 22 ఉంటాయి. "21కి 20 వేసుకో, తెలీదు" అంటారు. తెలుస్తుంది. అర మిల్లీమీటరు ఖాళీలో బెల్టు అటూ ఇటూ జరిగి, దాన్ని కొమ్ములకు పట్టి ఉంచే పిన్నును (స్ప్రింగ్ బార్) అరగదీస్తుంది. 22 బెల్టును నొక్కి 21లో పెట్టినా మెత్తటి రబ్బరైతే కొంతకాలం ఓర్చుకుంటుంది, తోలైతే అంచు విరిగిపోతుంది.

పొడవుకు మణికట్టు చుట్టూ దారం చుట్టి కొలిచి చెప్పండి. మామూలు బెల్టు పొడుగు ముక్క 120 మి.మీ., బకిల్ ముక్క 75 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. సన్నటి చేయికి పొట్టి సైజు అడగాలి.

మన ఎండలకు తోలు బెల్టు నిలుస్తుందా?

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. చెమట ఉప్పు తోలులోకి దిగి, లోపలి పొర గట్టిపడి, పగిలి, వాసన వస్తుంది. రోజూ బైకు మీద తిరిగే మనిషికి ఎండాకాలమంతా తోలు బెల్టు వేసుకోమని నేను చెప్పను. ఉగాది దాటాక తోలు తీసి లోపల పెట్టి, రబ్బరో గుడ్డ బెల్టో వేసుకోండి. వానలు మొదలై చల్లబడ్డాక మళ్ళీ తోలు వేసుకోవచ్చు.

రబ్బరులో సిలికాన్ చవక, మెత్తన, కానీ దుమ్మునంతా అంటించుకుంటుంది. ఎఫ్‌కేఎం అనే రకం ఖరీదు ఎక్కువైనా చెమటకు, ఎండకు చెక్కుచెదరదు. నా అనుభవంలో మన సీమకు దాన్ని మించింది లేదు. గుడ్డ బెల్టులో నాటో రకం 1973లో బ్రిటిష్ రక్షణ శాఖ ఖరారు చేసిన కొలతల నుంచి వచ్చింది. దానిలో ఒక సుగుణం ఉంది: ఒక పిన్ను ఊడినా రెండో పిన్ను మీద వాచీ వేలాడుతుంది, కింద పడదు. నైలాన్ కాబట్టి రాత్రి సబ్బుతో ఉతికి ఆరేస్తే పొద్దున్నకు సిద్ధం.

ఊళ్ళో తోలు పని చేసేవాళ్ళతో కుట్టించుకోవచ్చా?

కుట్టించుకోవచ్చు, మంచి బెల్టు వస్తుంది కూడా. కాకపోతే తోలు మీరు తెచ్చివ్వాలి. చెప్పులకు, బ్యాగులకు వాడే క్రోమ్ తోలు ఎక్కువగా మెత్తగా సాగుతుంది, రంధ్రాలు నెమ్మదిగా కోలగా మారతాయి. బెరడుతో పదును చేసిన తోలు అడగండి. పూర్వం మన చేలగట్ల మీది తంగేడు బెరడుతోనే ఆ పని చేసేవాళ్ళు. ఇప్పుడు తమిళనాడులో ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి వైపు నుంచి తోలు వస్తుంది.

ఒక కాగితం మీద కొలతలు గీసి ఇవ్వండి: కొమ్ముల దగ్గర వెడల్పు, బకిల్ దగ్గర వెడల్పు (20 అయితే అక్కడ 18 గానీ 16 గానీ), రెండు ముక్కల పొడవు, రంధ్రానికీ రంధ్రానికీ దూరం. మందం కొమ్ముల దగ్గర ఎక్కువ, చివరికి పోయేకొద్దీ తక్కువ ఉండాలి. అంతటా ఒకే మందం ఉంటే బకిల్‌లో దూరదు. పిన్ను పోయే గొట్టం దగ్గర తోలును అతికించి వదిలేయకుండా కుట్టు వేయమని గట్టిగా చెప్పండి. వేడికి జిగురు కరుగుతుంది, దారం నిలబడుతుంది.

నిమ్మలకుంట తోలుబొమ్మల తోలుతో చేయించొచ్చా అని ధర్మవరం కుర్రాడు ఒకడు ఎంతో ఇష్టంగా అడిగాడు. అది మేకతోలు, వెలుతురు అవతలికి పోయేలా పలచగా గీకింది. తెర వెనక దీపం ముందు దాని అందమే వేరు. చెమట తగిలితే మెత్తబడి వంకర్లు పోతుంది, బెల్టుకు పనికిరాదు.

మొసలి తోలు బెల్టు ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?

కాగితాలు లేకుండా వద్దు. మొసలి, ఎలిగేటర్ జాతులన్నీ సైటీస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. భారతదేశం 1976 నుంచి అందులో సభ్య దేశం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ 2022 సవరణతో ఆ నిబంధనలు చేరాయి. అనుమతి పత్రం లేని పార్సిల్‌ను కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే బెల్టు పోవడంతో ఆగదు. మొసలి పొలుసుల అచ్చు వేసిన దూడతోలు బెల్టులు దొరుకుతాయి, అడుగు దూరం నుంచి తేడా తెలియదు. అసలుదే కావాలంటే కంపెనీ షోరూంలో బిల్లుతో కొనండి.

ఇంట్లో బెల్టు మార్చుకుంటే కొమ్ముల మీద గీతలు పడుతున్నాయి. ఎట్లా చేయాలి?

గుండుసూది, పిన్నీసు, బ్లేడు మూడూ పక్కన పెట్టండి. స్ప్రింగ్ బార్ టూల్ అని అడిగితే ఇస్తారు. ఒక వైపు చీలిన నాలుక, ఇంకో వైపు సన్నటి మొన ఉంటుంది. స్విట్జర్లాండ్ బెర్జియాన్ కంపెనీది 6767 చాలామంది వాడతారు.

టేబుల్ మీద మెత్తటి టవల్ మడిచి పరవండి. వాచీని బోర్లా పెట్టి, కొమ్ముల లోపలి వైపు, వెనక వైపు సెల్లోటేపు అంటించండి. టూల్ జారినా గీత టేపు మీదే పడుతుంది. చీలిన నాలుకను బెల్టుకూ కొమ్ముకూ మధ్య దూర్చి, పిన్ను మెడ మీద ఉన్న గాడిని వెతకండి. గాడి దొరికినప్పుడు నాలుక కాస్త దిగి ఆగుతుంది, ఆ ఆగడం వేలికి తెలుస్తుంది. అప్పుడు దాన్ని బెల్టు వైపు లాగుతూ కొంచెం పైకి లేపండి. రెండో చేతి బొటనవేలు పిన్ను మీదే ఉంచాలి. ఉంచకపోతే అది ఎగిరి తాడిపత్రి బండల నేల మీద టింగుమని మోగి, మంచం కిందో బీరువా కిందో చేరుతుంది.

కొత్త బెల్టు వేసేటప్పుడు రెండు వైపులా "టిక్" అనే చప్పుడు వినాలి. విన్న తర్వాత కూడా బెల్టు పట్టుకొని గట్టిగా ఒకసారి లాగి చూడండి. టవల్ మీద ఉండగా ఊడితే నష్టం లేదు.

పిన్నులన్నీ ఒకటే కదా, ఏదో ఒకటి వేయకూడదా?

పొడవు ఒకటే అయినా లావులో తేడా ఉంటుంది. మామూలువి 1.5 మి.మీ., డైవింగ్ వాచీలవి 1.8 గానీ 2 గానీ ఉంటాయి. లావు పిన్ను ఉండాల్సిన చోట సన్నది వేస్తే కొమ్ము రంధ్రంలో ఆడుతూ ఆడుతూ ఆ రంధ్రాన్నే పెద్దది చేస్తుంది. పిన్ను మార్చొచ్చు, కొమ్మును మార్చాలంటే కేసే మార్చాలి. లక్షల వాచీని పట్టుకొని ఉండేది ఈ రెండు పుల్లలే. కొత్త బెల్టు వేసిన ప్రతిసారీ పిన్నులు కూడా కొత్తవే వేయండి. వాటి దగ్గర బేరం చేయకండి.

చైను వదులైంది. లింకులు తీయించడం ఎవరైనా చేస్తారా?

ఏ చైనో చూసి చేసేవాళ్ళు చేయాలి. కొన్నిటికి మరలు, కొన్నిటికి కొట్టి తీసే పిన్నులు, సీకో లాంటి వాటికి పిన్నుతో పాటు గోధుమగింజ కంటే చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టం కింద పడిపోతే లింకు నిలవదు. కొట్టి తీసే వాటికి లోపలి వైపు బాణం గుర్తు ఉంటుంది. తీయడం బాణం దిక్కున, పెట్టడం ఎదురు దిక్కున. రోలెక్స్ మరలకు 1.6 మి.మీ. స్క్రూడ్రైవర్ సరిపోతుంది. కంపెనీలో జిగురు వేసి బిగిస్తారు కాబట్టి మొదట కొంచెం వెచ్చబెట్టాలి. బలవంతంగా తిప్పితే మర తల చెక్కుకుపోతుంది. తీసిన ప్రతి లింకునూ వెంటనే అడిగి తీసుకోండి. మీకు ఒళ్ళు వస్తే అవే కావాలి.

రాయల్ ఓక్, నాటిలస్, శాంటోస్ లాంటి వాటికి మామూలు బెల్టు పడుతుందా?

ఆడెమార్ పిగే వాళ్ళ రాయల్ ఓక్ (1972), పటెక్ ఫిలిప్ వాళ్ళ నాటిలస్ (1976) రెంటికీ చైను కేసులో భాగంలా కలిసిపోయి ఉంటుంది. మామూలు సైజు బెల్టు పట్టదు. దానికోసమే కోసి చేసినది కావాలి. కార్టియే శాంటోస్‌కు 2018 నుంచి టూల్ లేకుండా నొక్కి మార్చే ఏర్పాటు ఉంది. దానికి సరిపోయే బెల్టులే కొనాలి. రాడో సిరామిక్ చైన్లకు గీతలు పడవు కానీ బండ మీద పడితే లింకు పింగాణీలా విరుగుతుంది. విరిగిన లింకుకు అతుకు ఉండదు, మోడల్ నంబరుతో కంపెనీ నుంచి తెప్పించాల్సిందే.

## విడిభాగాలు వెతకడం

రోలెక్స్, ఒమేగా పార్టులు బయట అంగడిలో ఎందుకు దొరకవు?

కంపెనీలే ఇవ్వవు. రోలెక్స్ తన పార్టులు తాను గుర్తించిన వర్క్‌షాపులకే పంపుతుంది. ఒమేగా, లాంజీన్, టిస్సో, రాడో అన్నీ స్వాచ్ గ్రూపువి. ఆ గ్రూపు 2015 చివరి నుంచి హోల్‌సేల్ వ్యాపారులకు విడిభాగాల సరఫరా ఆపేసింది. కంపెనీలు ఇట్లా పార్టులు ఇవ్వకపోవడం మీద యూరప్‌లో స్వతంత్ర రిపేరీదార్ల సంఘాలు అంతకుముందే ఫిర్యాదు చేశాయి. యూరోపియన్ కమిషన్ 2014లో దాన్ని కొట్టేసింది, 2017లో కోర్టు కూడా కమిషన్ పక్షమే మాట్లాడింది.

అందువల్ల వారంటీలో ఉన్న వాచీ, లేదా మిషన్‌లో కంపెనీ సొంత పార్టు కావాల్సిన వాచీ అయితే బెంగళూరుకో హైదరాబాదుకో పోయి అధికారిక సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఆ మాట చెప్పి పంపేస్తే నాకు పని పోతుంది, నిజమే. కానీ పార్టు దొరకని వాచీని బల్ల మీద ఆరు నెలలు విప్పి ఉంచడం కంటే అదే మేలు.

బెంగళూరులో అన్నీ దొరుకుతాయంటారు కదా. పోతే ఏమడగాలి?

అవెన్యూ రోడ్డు, చిక్కపేట సందుల్లో పార్టుల అంగళ్ళు ఉన్నాయి. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. మా నాయన నెలకోసారి అట్లాగే పోయేవాడు, అగ్గిపెట్టెల్లో దూది పెట్టి పాత పార్టులు నమూనాకు తీసుకుపోయేవాడు. నేను ఇప్పటికీ నమూనా లేకుండా పోను.

అడగాల్సింది: ఇది కంపెనీ కొత్తదా, వేరే వాచీ నుంచి తీసిందా, వేరేవాళ్ళు చేసిన సరిపోలిక పార్టా? మూడూ అమ్మొచ్చు, మూడింటికీ వాడకం ఉంది. ఏదో చెప్పి అమ్మాలి, అంతే. గ్యాస్కెట్లు (నీళ్ళు పోకుండా ఆపే రబ్బరు రింగులు), పిన్నులు, సాదా గ్లాసులు సరిపోలికవి వేసినా తప్పులేదు. స్విస్ కంపెనీ ఈటీఏ చేసిన 2824 మిషన్‌కు, ఇంకో స్విస్ కంపెనీ సెల్లిటా చేసిన ఎస్‌డబ్ల్యూ200 మిషన్ పార్టులు చాలా పడతాయి, అవి నాణ్యమైనవే. బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగుతూ టైం నడిపే చక్రం), డయల్, ముళ్ళు, చావి (పక్కనుండే తిప్పుడు గుండీ) మాత్రం "ఒరిజినల్" అని నోటి మాటగా చెప్తే నమ్మకండి. బిల్లు మీద రాయమనండి. ఎవరైనా రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

పాత ఫావ్రే లూబాకు పార్టు తయారీలోనే లేదట. ఇక వాచీ పోయినట్టేనా?

పోయినట్టు కాదు. అదే కాలిబర్ ఉన్న ఇంకో పాడైన వాచీ వెతికి, దాని నుంచి పార్టు తీసుకోవాలి. కేసు తుప్పుపట్టి డయల్ పోయిన వాచీలు తక్కువ ధరకు దొరుకుతాయి. కొనేముందు రెండు చూడండి: మిషన్ నంబరు మీదానితో కలవాలి, బ్యాలెన్స్ చక్రం కాస్త కదిలిస్తే ఊగాలి. మూడు పార్టులు కావాల్సిన చోట ఒక్క దాత వాచీ చాలు, మిగిలింది పారేయకుండా దాచుకోండి.

గ్లాసు గీతలు పడింది. మార్చాలా, పాలిష్ చాలా?

గ్లాసు ఏ రకమో చూడాలి. యాక్రిలిక్ అయితే పాలీవాచ్ లాంటి పేస్టుతో పది నిమిషాలు రుద్దితే పోతాయి. మినరల్ గ్లాసు అయితే మార్చడమే చవక. సఫైర్‌కు మామూలుగా గీతలు పడవు, పడినా ఇంట్లో పోవు. సాదా సఫైర్ అయితే వ్యాసం, మందం కొలిచి వేయొచ్చు. యాక్రిలిక్ స్పీడ్‌మాస్టర్ గ్లాసు నడుమ కంటికి ఆననంత చిన్న ఒమేగా గుర్తు చెక్కి ఉంటుంది. బయటి గ్లాసు వేస్తే అది ఉండదు. పాతది పగలకపోతే పాలిష్‌తోనే సరిపెట్టండి.

సెల్లు ఏదైనా ఒకటే కదా?

పాత సెల్లు మీది నంబరే వేయించండి. ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ అంటే 6.8 మి.మీ. వ్యాసం, 2.6 మి.మీ. ఎత్తు. దీన్నే 377 అని కూడా అంటారు. "ఎస్‌ఆర్" అంటే సిల్వర్ ఆక్సైడ్, చివరి దాకా 1.55 వోల్టులు నిలకడగా ఇస్తుంది. "ఎల్‌ఆర్" అంటే ఆల్కలైన్. చవక, త్వరగా కారుతుంది. ఆగిపోయిన వాచీని సెల్లుతోనే ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టకండి. కారిన రసం సర్క్యూట్‌ను తినేస్తుంది.

## మార్పులు చేయించడం

నా వాచీకి రంగు డయల్, వేరే ముళ్ళు వేయించాలని ఉంది. ఏది పడుతుంది?

మార్చి చూసుకునే సరదాకు సీకోలు తగినవి. సీకో వాళ్ళ ఎన్‌హెచ్35 మిషన్‌కు 28.5 మి.మీ. డయళ్ళు రకరకాలుగా దొరుకుతాయి. రెండు చూసి కొనండి. ఒకటి, డయల్ వెనక కాళ్ళు: చావి 3 గంటల దగ్గర ఉండే వాచీకీ, సీకో ఎస్‌కేఎక్స్007 మోడల్‌లా 4 గంటల వైపు ఉండే వాచీకీ కాళ్ళ చోటు వేరు. రెండు, ముళ్ళ రంధ్రాలు: ఎన్‌హెచ్35కు గంటల ముల్లు 1.50, నిమిషాలది 0.90, సెకన్లది 0.20 మి.మీ. ఈటీఏ 2824కు మొదటి రెండూ అవే, సెకన్ల ముల్లు మాత్రం 0.25. ఆ ఐదు వందోవంతుల తేడాకే ముల్లు జారి పడిపోతుంది.

రోలెక్స్‌కు వజ్రాల బెజెల్ (గ్లాసు చుట్టూ ఉండే వలయం), వేరే డయల్ వేయిస్తే?

వాచీ మీది, హక్కు మీది. జరిగేది మాత్రం చెప్తాను. బయటి పార్టులు చేరిన వాచీని కంపెనీ సర్వీస్ సెంటర్ ముట్టకపోవచ్చు, వారంటీ ఉంటే పోతుంది, అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. బెల్టు మార్పు ఒక్కటే ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగలిగేది. కేసుకు రంధ్రం చేయడం, కొమ్ములు అరగదీయడం, కేసు మీద నల్ల పూత వేయించడం వెనక్కి రావు. అట్లాంటి పని అడిగితే నేను చేయను.

డయల్ వెలిసిపోయింది. కొత్తగా పెయింట్ చేస్తామంటున్నారు, చేయించొచ్చా?

దీనికి నా దగ్గర జరిగిందే చెప్తాను. ఇరవై ఏళ్ళ కిందట ఒక రిటైర్డ్ టీచరుగారు తన పెళ్ళినాటి ఫావ్రే లూబా తెచ్చారు. నిమిషాల ముల్లు వదులైంది, అంతే. పెద్ద ఊళ్ళో ఒక పార్టుల వ్యాపారి దగ్గరికి ముల్లు కోసం వాచీనే పంపాను. పది రోజులకు వచ్చింది. డయల్ తళతళ మెరుస్తోంది. అడగకుండానే పాత రంగు గీకేసి కొత్తగా అచ్చు వేశారు. అక్షరాలు లావుగా ఉన్నాయి, 4 దగ్గర గీత పక్కకు జరిగింది. సారు చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, "ఇది నా వాచీ కాదు నాయనా" అన్నారు. మిషన్ నంబరు చూపించినా ఆయనకు నమ్మకం కుదరలేదు. తప్పు నాదే, ఏం చేయాలో, ఏం చేయకూడదో కాగితం మీద రాసి పంపలేదు.

వెలిసిన డయల్‌ను ఉన్నదున్నట్టు ఉంచండి. పెయింట్ చేసిన డయల్ ఇక పాతది కాలేదు.

## బయటి దేశాల నుంచి తెప్పించడం

విదేశీ వెబ్‌సైట్‌లో బెల్టు చవకగా ఉంది. కస్టమ్స్ పడుతుందా?

పడుతుందనే లెక్క వేసుకోండి. సుంకం, దాని మీద ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ), కొరియర్ వాళ్ళ రుసుము కలుపుకుంటే చవక అనిపించినది చవక కాకపోవచ్చు. సొంత వాడకానికి ఐఈసీ కోడ్ (దిగుమతి వ్యాపారులు తీసుకునే నంబరు) అక్కర్లేదు, ఆధార్ గానీ పాన్ గానీ అడుగుతారు. అమ్మేవాడి బిల్లు, మీరు కట్టిన డబ్బు రుజువు ఫోన్లో ఉంచుకోండి.

మా బావ దుబాయ్ నుంచి "గిఫ్ట్" అని రాసి పంపుతాడట. డ్యూటీ తప్పుతుంది కదా?

తప్పదు. 5,000 రూపాయల లోపు బహుమతులకు ఉన్న మినహాయింపును 2019 డిసెంబరులో తీసేశారు. రాఖీలకు, ప్రాణాధార మందులకే ఉంచారు. ధర తక్కువ చూపిస్తే సరుకు జప్తు కావొచ్చు, జరిమానా కూడా పడొచ్చు. బ్రాండ్ పేరు అచ్చువేసిన నకిలీ డయళ్ళు, బకిళ్ళు అయితే ఇంకా ప్రమాదం. 2007 నాటి మేధోసంపత్తి దిగుమతి నియమాల కింద కస్టమ్స్ వాళ్ళు వాటిని ఆపేయగలరు.

## సర్వీసుకు ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు

ఎన్నేళ్ళకోసారి సర్వీసింగ్ చేయించాలి?

రోలెక్స్ సుమారు పదేళ్ళంటుంది, ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళంటుంది. లోపలి నూనె ఎండిపోతే చక్రాల ఇరుసులు అరుగుతాయి. వాచీ నడుస్తోంది కదా అని ఇరవై ఏళ్ళు ఊరుకుంటే నూనె ఖర్చుతో పోయేది పార్టుల ఖర్చు అవుతుంది. ఈత కొట్టే అలవాటుంటే గ్యాస్కెట్లు, నీటి పరీక్ష ఏడాదికోసారి. 30 మీటర్లని రాసి ఉన్న వాచీ చేతులు కడుక్కోవడానికే, బావిలో దూకడానికి కాదు.

వాచీ ఉన్నట్టుండి రోజుకు పది నిమిషాలు ముందుకు పోతోంది. సర్వీసుకు ఇవ్వాలా?

ముందు అయస్కాంతం సంగతి చూడండి. ఫోను కవరు, స్పీకరు, ట్యాబ్ మూత అన్నిట్లో అయస్కాంతాలే. హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి చుట్టల తీగ) చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే వాచీ పరుగెత్తుతుంది. ఫోన్లో దిక్సూచి తెరిచి వాచీని దగ్గరికి తీసుకురండి. ముల్లు వాచీతో పాటు తిరిగితే అదే కారణం. డీమాగ్నెటైజర్‌తో తీసేయడం ఒక్క నిమిషం పని. దీనికి పూర్తి సర్వీసింగ్ డబ్బులు ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

రిపేరీకి ఇచ్చేటప్పుడు ఏం రాయించుకోవాలి?

రసీదు మీద రిఫరెన్స్ నంబరు, సీరియల్ నంబరు, చైనులో లింకులు ఎన్ని, ఉన్న గీతలు, చేయాల్సిన పని. దాని కింద ఇంకో వాక్యం: "కేసు పాలిష్ చేయకూడదు, డయల్, ముళ్ళు మార్చకూడదు, అడగకుండా ఏ పార్టూ మార్చకూడదు." ఇచ్చే ముందే వాచీని ముందు, వెనక, రెండు పక్కలా ఫొటో తీయండి. మూత తెరిచినప్పుడు మిషన్ ఫొటో కూడా అడగండి. మంచి పనివాడు ఎవరూ దీనికి నొచ్చుకోరు. నా బల్ల మీద నేనే తీసి వాట్సాప్‌లో పంపుతాను.

మార్చిన పాత పార్టులు మాకెందుకు? అక్కడే వదిలేస్తే పోదా?

వదిలేయొద్దు. అరిగిన చావి, గీతలు పడిన గ్లాసు, పాత ముళ్ళు, విరిగిన పిన్ను, అన్నీ అడిగి తీసుకోండి. అధికారిక సెంటర్‌లో కొన్ని పార్టులు మార్పిడి పద్ధతిలో వాళ్ళే ఉంచుకుంటారు. వాచీ ఇచ్చే రోజే ఆ సంగతి అడగండి. తెచ్చుకున్న వాటిని చిన్న జిప్ కవర్లో వేసి, లోపల తేదీ, పని, ఎవరు చేశారో రాసిన చీటీ పెట్టి, వాచీ డబ్బాలోనే ఉంచండి. మొన్న ఒకాయన వాళ్ళ నాయన ఒమేగా తెచ్చాడు. చావి బయటిది, గ్లాసు బయటిది. డబ్బా అడుగున కాగితం పొట్లంలో అసలు చావి దొరికింది. మా నాయన చేతిరాతతో "తీసినది, 1988" అని ఉంది. కడిగి, కొత్త గ్యాస్కెట్ వేసి ఆ చావే బిగించాను.